చెంప మీది పుట్టుమచ్చ

ఆ హాల్‌టికెట్ ఆమె చేతికిచ్చే ముందే నేను తప్పు చూశాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు డైరీలో కూడా వాన గురించి రాసుకుని ఊరుకున్నాను.

అప్పుడు నేను డిగ్రీ ముగించి విజయనగరంలో మా మావయ్య ఫొటో స్టూడియోలో పనిచేసేదాన్ని. కౌంటర్ దగ్గర నిలబడి మనుషులతో మాట్లాడటం నాకు చేతకాదు. కంప్యూటర్ ముందు కూర్చోబెడితే మాత్రం సాయంత్రం దాకా లేచేదాన్ని కాదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒక చిన్న ప్యానెల్ తగిలించుకోవచ్చని ఇంటర్నెట్‌లో చూసి తగిలించాను. రోజూ చేసే పనులు వరసగా ఒక్కసారి నేర్పిస్తే ఒక బటన్ తయారవుతుంది. పేరూ రంగూ మన ఇష్టం. పెళ్లి ఆల్బమ్‌లకి ఎరుపు, పాత ఫొటోలకి పసుపు, ఉద్యోగాల అప్లికేషన్ ఫొటోలకి నీలం. నీలం నొక్కితే కత్తిరించడం, వెనక తెలుపు వెయ్యడం, సైజు తగ్గించడం, అన్నీ అయిపోయేవి. పుస్తకాల అలమర సర్దుకున్నంత ఇష్టంగా వాటిని సర్దాను.

ఫొటోలకి వచ్చే ఆడపిల్లలు మొటిమలు తీసెయ్యమని మెల్లిగా అడిగేవారు. కొందరు అడగలేకపోయేవారు. తియ్యమంటారా అని నా అంతట నేను అడగడానికి నోరు వచ్చేది కాదు. అందుకని పెళ్లికూతుళ్ల చర్మం నునుపు చేసే పనిని తెచ్చి నీలం బటన్‌లో కలిపేశాను. ఇక ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

ఆ హాల్‌టికెట్ తీసుకెళ్లిన ఆమెది భోగాపురం అవతల సముద్రపొడ్డు ఊరు. వాళ్లమ్మ చేపలమ్మి చదివించింది. వయసు దాటిపోతోందని, పోలీసు ఉద్యోగానికి ఇదే ఆఖరిసారని మావయ్యతో చెబుతుంటే విన్నాను. ఫొటో మా దగ్గరే తీయించుకుంది. నెల తర్వాత హాల్‌టికెట్ ప్రింట్‌కి కూడా మా దగ్గరికే వచ్చింది. కాగితం ప్రింటర్‌లోంచి బయటికి వస్తుంటే చూశాను. గుర్తింపు చిహ్నం అన్న చోట ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని ఉంది. పైన ఫొటోలో ఆ చెంప ఒలిచిన గుడ్డులా ఉంది. నా ఎదురుగా ఉన్న మనిషి చెంప మీద మచ్చ మినపగింజంత.

"ఓలమ్మ! ఇది నానేనేటి? బలే తీసినారే!" అని ఆమె నవ్వింది.

పుట్టుమచ్చలు రాసి ఉండే పదో తరగతి సర్టిఫికెట్ కూడా పట్టుకెళ్లమని చెబితే చాలు. ఆ మాట అనకుండానే కాగితం మడిచి ఇచ్చాను.

ఆమె వెళ్లాక నీలం బటన్‌లోంచి చర్మం నునుపు చేసే పని తీసేశాను. నిమిషం పట్టలేదు. పరీక్షకి ఇంకా ఎనిమిది రోజులుంది. బిల్లు పుస్తకంలో ఆమె ఫోన్ నంబరుంది. రోజూ తొమ్మిది అంకెలు నొక్కి ఆపేసేదాన్ని. ఆ బటన్ కింద ఇంకా ఎన్ని మొహాల మీది మచ్చలు పోయాయో అనుకుంటే అన్నం సహించేది కాదు. పరీక్ష రోజు పదిగంటలకి నేను బాత్రూమ్‌లో కుళాయి విప్పుకుని నిలబడ్డాను.

మర్నాడు ఆమె వచ్చింది. ఎడమ చెంప కమిలి ఉంది.

"గేటు కాడ ఆపీసినారు బాబాయ్," అంది మావయ్యతో. "ఫొటోలో నేని మచ్చ ఎలాగొచ్చినాదన్నారు. నాను ఏరే మనిసినని, మచ్చలాగ రంగెట్టుకున్నాననుకొని తడిగుడ్డెట్టి రుద్దినారు. మాయమ్మ ఊరెల్లి పదో తరగతి కాయితం తెచ్చీసరికి గంటన్నర పోనాది. సగం పేపరు సూడ్డానికే నేదు."

మావయ్యకి నిజంగా ఏమీ తెలీదు. "మా పిల్లేటి సేస్తాదమ్మా, ఇప్పుడు కంప్యూటర్లే అలగ మచ్చలు తీసేస్తన్నాయి," అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచాను. ఆమె మావయ్యని వదిలి నా వైపు తిరిగింది. కోపంగా కాదు, కంప్యూటర్ పని తెలిసినదాన్ని కాబట్టి అడుగుతున్నట్టు అడిగింది. నేను తల దించుకున్నాను. ఆమె వెళ్లిపోయింది, మళ్లీ మా షాపుకి రాలేదు. నాతో అన్న ఆఖరి మాట ఇదే.

"నువ్వు సెప్పే. కంప్యూటరు దానంతటది సేస్తాదేటి?"