తుల్జమ్మ కణత మీది గాటు

1979 చలికాలం. జహీరాబాద్ బస్టాండుకు దగ్గర్లో మాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. కెమెరా మా ఆయనది, పెన్సిల్ నాది. పెన్సిల్ అంటే రీటచింగ్. వెనక నుంచి వెలుతురు పడే బల్ల మీద నెగెటివ్ పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్ మొనతో ముడతల మీద, మచ్చల మీద మెల్లగా గీస్తూ పోవాలి. నెగెటివ్‌లో పెన్సిల్ పడ్డచోట ప్రింటులో తెల్లబడుతుంది. ముడత ఉన్నట్టే తెలియదు. సంబంధాలకు ఫోటోలు పంపేవాళ్ళు నా చెయ్యి పడాలని కోహీర్ నుంచి కూడా వచ్చేవారు. గొప్పలు పోతున్నాననుకున్నా సరే, ఆ పనిలో నాతో సమానంగా చేసేవాళ్ళు చుట్టుపక్కల లేరు.

అయితే ఆ చలికాలం దాకా గిరాకీకి నేనెప్పుడూ ఫోటో తీయలేదు. మా పిల్లల్ని తీసేదాన్ని, ఖాళీగా ఉన్నప్పుడు నల్ల గుడ్డ కింద దూరి ఫోకస్ చూసేదాన్ని. వచ్చినవాళ్ళ ముందు కెమెరా దగ్గర ఆడమనిషి నిలబడితే వాళ్ళకు నమ్మకం కుదరదని మా ఆయన అనుకునేవాడు. నేనూ గట్టిగా ఎదురు చెప్పలేదు.

ఒకరోజు పొద్దున న్యాల్‌కల్ వైపు పల్లె నుంచి ఇద్దరు వచ్చారు. ముందు రుమాలు చుట్టుకున్న పెద్దాయన, మాణికప్ప. కాస్త వెనగ్గా, కొంగు కళ్ళదాకా లాక్కున్న ఆయన మరదలు తుల్జమ్మ. ఆమె భర్త రోడ్ల గ్యాంగులో పర్మినెంటు కూలీగా చేస్తూ ఆ ఏడే పోయాడు. భార్యకు ఫ్యామిలీ పెన్షన్ రావాలి. దానికి ఆమె ఫోటో, ఆ ఫోటో మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కావాలి. అంటే హోదా గల అధికారి ఒకరు, ఫోటోలో ఉన్నది ఈ మనిషేనని పూచీ పడాలన్నమాట. భర్త బతికుండగానే సర్వీసు బుక్కులో భార్య ఆనవాలు రాయించి పెట్టాడట, ఎడమ కణత మీద రాయి తగిలిన గాటు అని.

మొదట వేరే ఊళ్ళో తీయించిన ఫోటో వెనక్కి వచ్చింది. తుల్జమ్మ చెంగు ముడి విప్పి దాన్ని నా చేతిలో పెట్టింది. చూడగానే నాకు సంగతి అర్థమైంది. కొంగు రెండు కణతలనూ కప్పేసింది. మిగిలిన కాస్త ముఖం మీద ఎవరో నాలాంటివాళ్ళు తీరిగ్గా కూర్చుని ముడతలన్నీ తుడిచేశారు. పనితనానికి వంక పెట్టలేం గానీ, అది తుల్జమ్మ కూతురి ఫోటో అన్నా నమ్మొచ్చు.

"గిది నేను కాదంటున్రు బిడ్డా. మరి నేనెవరినో వాళ్ళే చెప్పాలె" అంది తుల్జమ్మ.

ఆఫీసర్‌కు ఫోటో చూడగానే అనుమానం వచ్చిందట. ఇంటి పెద్ద కదా అని మాణికప్పకు చూపించి, ఈమె మీ తమ్ముడి భార్యేనా అని అడిగాడట. ఈయన ఫోటోను అటు తిప్పి ఇటు తిప్పి, "అయి ఉండొచ్చు సార్" అన్నాడట. ఇంకేం, ఆఫీసర్ కలం కింద పెట్టేశాడు. మళ్ళీ తేడా వస్తే ఎంక్వయిరీకి రాయాల్సి వస్తుందని గుమాస్తా చెప్పి పంపాడు. ఎంక్వయిరీ అంటే ఎప్పటికి తెమిలేనో ఎవరికీ తెలియదు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళు ఒకే వాకిట్లో బతికి అయి ఉండొచ్చు అనడమేమిటని అడిగాను. ఆయన నేల చూపులు చూశాడు.

మా ఆయన ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, కొంగు జర వెనక్కి తీయమన్నాడు. తుల్జమ్మ ఇంకా ముందుకు లాక్కుంది. గాటు కనబడాలమ్మా అని బతిమాలినా అదే వరస. ఎదురుగా బెంచీ మీద బావ కూర్చుని ఉన్నాడు మరి. పెనిమిటి అన్న ముందు తల మీది కొంగు తీయడమనేది ఆమె పుట్టి బుద్ధెరిగి చేయని పని. ఆయనేమో సాక్షిని కదా, దగ్గరుండి చూసుకోవాలని ఆఫీసులో చెప్పారని కదలడు. ఇద్దరికీ మర్యాదే, ఆ మర్యాదతోనే పెన్షన్ ఆగిపోయేటట్టుంది.

నేను తుల్జమ్మ పక్కకు వెళ్ళి కూర్చున్నాను. ఆమె నాకొక్కదానికే వినబడేటట్టు అంది, "బావ ఇంట్ల కడుపుకు తక్వ లేదు బిడ్డా. కని నా పొయ్యి మీద నా జొన్న గట్క ఉడకాలె. చెయ్యి చాపి బతకలేను."

ఆ మాట విన్నాక నాకు ఇంకేం తోచలేదు. లేచి, మగవాళ్ళిద్దర్నీ బయటికి వెళ్ళి చాయ్ తాగి రమ్మన్నాను. మా ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. సర్కారు కాగితం పని, చెడితే ఆమె బతుకు చెడుతుందని గొణిగాడు. చెడదని చెప్పి గుమ్మానికున్న తెర లాగేశాను.

తెర పడ్డాక తుల్జమ్మ కొంగు దించింది. ఎడమ కణత మీద కనుబొమ కొస నుంచి జుట్టులోకి పోయిన గాటు. పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రోడ్డు పని మీద కంకర కొడుతుంటే, రాయి చిట్లి వచ్చి తగిలిందట. అప్పటికి ఆయన కూడా రోజు కూలీయే.

"నెత్తురు కారుతుంటే పంచె చింపి కట్టిండు. కట్టినంక మల్ల సుత్తె పట్టిన" అంది. చెబుతూ చెబుతూ వెన్ను నిటారుగా పెట్టింది. నాకు కావలసిన ఫోటో అదే.

దీపం ఎదురుగా పెడితే ముఖం తెల్లగా, చదునుగా వస్తుంది. గాటు కనబడదు. పక్కకు జరిపి కాస్త ఎత్తు పెంచితే ప్రతి గీతకూ నీడ పడుతుంది. ఏ వెలుతురుకు ఏది దాగుతుందో, ఏది తేలుతుందో నెగెటివ్‌ల మీద కూర్చుని కూర్చుని నాకు కంఠతా వచ్చింది. దీపం జరిపాను, నల్ల గుడ్డ కింద దూరాను, ఊపిరి బిగబట్టమన్నాను, షట్టర్ నొక్కాను.

నెగెటివ్ ఆరాక అలవాటుకొద్దీ బల్ల మీద పెట్టి పెన్సిల్ తీశాను. కళ్ళ కింద ముడతలు, నోటి పక్క గీతలు, ఆ గాటు, అన్నీ నా పెన్సిల్ కోసమే ఎదురు చూస్తున్నట్టున్నాయి. మా ఆయన కూడా కళ్ళ కింద కొంచెం తుడవమన్నాడు. తుడవనని చెప్పి పెన్సిల్‌ను డబ్బాలో వేసి మూత పెట్టాను. చేతనైన పని చేయకుండా ఊరుకోవడం అంత కష్టమని అప్పుడే తెలిసింది.

ప్రింటు చేతికిస్తే తుల్జమ్మ చాలాసేపు చూసింది. "అచ్చం మా అత్త లెక్క ముసల్దాన్నయిన" అని, తన కణత తడుముకుని, "గిది నేనే" అంది.

మాణికప్ప కూడా చెయ్యి చాపాడు. ఫోటోను వెలుతురుకు పట్టుకుని చూస్తూ ఆయన అన్న మాట నేనింతవరకూ మరిచిపోలేదు.

"మా తమ్ముడు చెప్పిండు గాటు పడ్డదని. నేనెన్నడు సూడలే బిడ్డా. మర్దలు ముఖం నిండుగ సూసుడు గిదే మొదలు."

పాపం, పొద్దున నేనడిగితే నేల చూపులు చూసింది అందుకన్నమాట. తెలియని ముఖానికి సాక్ష్యం చెప్పలేక, అబద్ధం ఆడలేక, అయి ఉండొచ్చు అన్నాడు. నిజాయితీపరుడు.

ఈసారి ఆఫీసర్ ముందుకు నేనే తోడు వెళ్ళాను. ఆయన ఎదుట తుల్జమ్మ తనంతట తానే కొంగు కొంచెం జరిపింది. ఆయన గాటు చూశాడు, ఫోటో చూశాడు, సంతకం పెట్టి ముద్ర వేశాడు. పెన్షన్ ఆర్డర్ వచ్చాక ఆమె కొత్త జొన్నలు మూటగట్టుకుని నాకిచ్చిపోయింది. తన పొయ్యి తాను వెలిగించుకుంటున్నానని చెప్పినప్పుడు ఆమె ముఖం చూస్తే నాకు కడుపు నిండిపోయింది.

ఆ ఫోటో పెద్దది చేసి షోకేసులో పెట్టుకోవచ్చా అని అడిగాను. "పెట్టుకో. నన్నెవరన్న ఎత్కపోతరా?" అంది. పెళ్ళికూతుళ్ళ ఫోటోల నడుమ పెట్టాను. దాన్ని చూసి ఝరాసంగం నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో పెద్దవయసు ఆడవాళ్ళు కాగితాలు పట్టుకుని, ఇక్కడ ఆడామె ఫోటో తీస్తుందట కదా అని రావడం మొదలైంది. మా ఆయన రెండో కెమెరా కొన్నాడు. అది నాది. అప్పట్నుంచి నెగెటివ్ మీద పెన్సిల్ పెట్టేముందు, మీ ముఖంలో ఏది ఉంచాలని ఆ మనిషినే అడగడం నేర్చుకున్నాను.

ఒక సంతనాడు లోపల పనిలో ఉంటే షోకేసు దగ్గర మాటలు వినబడ్డాయి. మాణికప్ప నలుగురు మనుషులతో నిలబడి ఉన్నాడు. ఈసారి నేల చూపులు లేవు. గాజు పలక మీద కణత దగ్గర వేలు పెట్టి, గొంతు పెంచి చెబుతున్నాడు.

"మా మర్దలు. మనమొచ్చిన రోడ్డుకు కంకర కొట్టింది ఈమెనే."