ఉచ్చీరమ్మ ఏటి ప్రయాణం

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఉచ్చీరమ్మ అమ్మను అడగలేదు, మొగుణ్ణి అడగలేదు, ఉరుకుంద ఈరన్న ముందు చేతులు జోడించి నిలబడి కూడా నాకు ఫలానాది ఇయ్యి స్వామీ అని అడిగిన మనిషి కాదు. ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే జిన్నులున్న పేటలో, జిన్నులో పనిచేసే మాదన్నకు పెళ్ళామై, నాగమ్మ అనే తొమ్మిదేళ్ళ పిల్లకు తల్లై, మారుమాట లేకుండా కాపురం చేసింది. అటువంటి మనిషి ఒకే ఒక్క ఏడు నోరు తెరిచి అడిగింది. అది ఆ వీధికి కుళాయి వచ్చిన ఏడు.

ఆమె పుట్టింది తుంగభద్ర ఒడ్డున, మంత్రాలయానికి దిగువన ఒక పల్లెలో. తండ్రి పుట్టి నడిపేవాడు. తోలు కప్పిన గుండ్రటి ఆ పుట్టిలో జనాన్ని ఆవలి గట్టుకు దాటించడం ఆయన పని. ఆ ఊరి పిల్లలకు నడకా ఈతా ఒకే ఏడు వస్తాయని చెప్పుకునేవాళ్ళు. అలాంటి పిల్లను తీసుకొచ్చి ఆదోనిలో ఇచ్చారు. ఆదోనిలో నెయ్యి అడిగితే పోస్తారు గానీ నీళ్ళడిగితే మొహం చూస్తారని అప్పట్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఎండాకాలం వస్తే బావిలో చేదకు నీళ్ళకన్నా బురదే ఎక్కువ అందేది. ఉచ్చీరమ్మ కడవ మీద కడవ పెట్టుకుని తెచ్చేది. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు, ముఖం కడిగిన నీళ్ళు మునగచెట్టుకు పోవాలి. తలారా స్నానం చేయడమంటే అదో పండగ.

పుట్టింటికి పోవచ్చు కదా అంటారేమో. పోవడానికి కారణం కావాలి. ఆ పేటలో మనుషులు ఊరు కదిలితే పెళ్ళికి కదలాలి, చావుకు కదలాలి, లేదంటే మొక్కు తీర్చడానికి కదలాలి. ఊరికే పోవడమన్నది అక్కడ లేని పని. ఊరికే పోయేవాణ్ణి సోమరి అంటారు, ఊరికే పోయే ఆడదాన్ని ఏమంటారో చెప్పనక్కర్లేదు. ఉచ్చీరమ్మ తల్లీ తండ్రీ పోయారు. అన్న గోవిందన్నది తండ్రి పుట్టే, తండ్రి పేదరికమే. పిలిచి చీర పెట్టే స్తోమత లేక ఆయన పిలవడమే మానేశాడు.

ఆదుకున్నవి బొంతలు. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంతలు ఇంట్లో నాలుగుండేవి. బొంత తడిస్తే దున్నపోతు బరువు. ఆదోని నీళ్ళతో అది ఉతికేది కాదు. అందుకని ఏటా పత్తి సీజను అయిపోయి జిన్ను మూతపడగానే, మాదన్న అదే పేటలో ఉండే సుంకప్ప దగ్గర ఎద్దులబండి అడిగి తెచ్చేవాడు. బొంతలు, జొన్నరొట్టెల మూట, చెనిక్కాయల పొడి, బట్టలుతికే చౌడు మన్ను వేసుకుని కోడి కూయకముందే బయల్దేరితే ఎండ నెత్తికెక్కేసరికి ఎమ్మిగనూరు. అక్కడ ఎద్దులకు నీళ్ళు పెట్టి, చల్లబడ్డాక మళ్ళీ కట్టుకుంటే దీపాల వేళకు ఏరు.

పోను, ఉతకను, రాను పట్టే ఆ మూడు దినాలే నాగమ్మ చిన్నతనంలో పండగంటే. పీర్ల పండగ, ఉగాది, అన్నీ తర్వాతే. ఎండాకాలం ఏరు సన్నగా రెండు మూడు పాయలుగా పారుతుండేది, మిగిలిందంతా ఇసుక. ఆ ఇసుకలో కళింగర పండ్ల తీగలు, అంటే పుచ్చ తీగలు. గోవిందన్న ఒక పండు తెచ్చి మోకాలి మీద పగలగొట్టి ఇచ్చేవాడు. పొద్దున బొంతలు నానబెట్టి, తొక్కి, బండమీద బాది, నలుగురూ నాలుగు కొసలు పట్టి పిండి ఇసుకలో పరిచేవాళ్ళు. ఎండేదాకా వేరే పని లేదు. పని లేని ఉచ్చీరమ్మను నాగమ్మ ఏటి దగ్గర తప్ప మరెక్కడా చూడలేదు.

పని లేనప్పుడు ఆమె చీర గోచీ బిగించి పెద్ద పాయలోని లోతు మడుగులోకి దిగేది. మోకాళ్ళు, నడుము, మెడ, ఆ తర్వాత మనిషి కనబడేది కాదు. నాగమ్మ గట్టు మీద నిలబడి చూస్తుంటే నడి మడుగులో నల్లటి బండరాయి పక్కన తల తేలేది. ఆ రాయి మీదికెక్కి కూర్చుని పెద్దగా నవ్వేది. ఆదోనిలో ఆమె నవ్వితే పెదవులు కదిలేవే తప్ప శబ్దం వచ్చేది కాదు. ఆ నవ్వు వింటే నాగమ్మకు సంతోషమూ అయ్యేది, కాస్త భయమూ వేసేది, ఈమె మా అమ్మేనా అని. మెట్టఊరు గోనెగండ్లలో పుట్టిన మాదన్నకు నీళ్ళంటే గిట్టదు. ఆయన ఎద్దుల దగ్గర బీడీ కాల్చుకుంటూ, బొంతలు ఆరినాయా లేదా అని వాటినే చూసుకునేవాడు. పెళ్ళాం ఈత ఆయన కంటికి బొంతలతో వచ్చిన కొసరు.

ఇక కుళాయి సంగతి. వీధి మొగదల ఇనప గొట్టం పాతి, దాని మెడకు ఇత్తడి మర బిగించారు. మొదటిరోజు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. పక్కింటి లాలాబీ అయితే గొట్టాన్ని బిడ్డను నిమిరినట్టు నిమిరింది. పొద్దున పూట కాసేపే వచ్చేది నీళ్ళు, అయినా వీధి వీధంతా నెత్తిన పాలు పోసినట్టు సంబరపడింది. సంబరపడనిది ఒక్క ఉచ్చీరమ్మే. కారణం మూడో రోజు తేలింది.

జిన్ను మూతపడింది. మాదన్న అరుగు మీద కాళ్ళు చాపుకుని అన్నాడు: "ఈ ఏడు బండి వద్దు. బొంతలు ఈడనే ఉతుకు. నీ ఏరే మన వాకిట్లేకొచ్చె గదా, ఇంగ ఆడికి పోయేదెందుకు?"

చెడ్డ మనిషేం కాదు మాదన్న. ఎద్దులకూ పెళ్ళానికీ శ్రమ తగ్గించాననే అనుకున్నాడు. ఉచ్చీరమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. నాగమ్మ మాత్రం గోడ చాటుకు పోయి ఏడ్చింది.

మరుసటి పొద్దున కుళాయి వచ్చే వేళకు ఉచ్చీరమ్మ ఒక బొంత తెచ్చి మర కింద పడేసింది. బొంత నీళ్ళు తాగింది. తాగుతూనే ఉంది. వెనక బిందెలు వీధి మలుపు దాకా బారు తీరాయి. బొంత పూర్తిగా తడవకముందే కుళాయి నిలిచిపోయింది.

"అరె ఉచ్చీరమ్మక్కా! మా బిందెలన్నీ ఏం కావల్ల?" అంది లాలాబీ.

"మా ఆయప్పనడుగు. ఈడనే ఉతకమన్నాడు."

ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలతో మాదన్న అరుగు మీదికి దండెత్తారు. తలా ఒక మాట అన్నారు. ఆయన సగం తడిసిన బొంత ఒక కొస పట్టి పిండబోయి, బురదలో జారి కూలబడ్డాడు. లేచి, పంచె విదిలించుకుని, "సరేలే, మిగిలినవి ఏట్లోనే ఉతుకుదువు. సుంకప్పను బండి అడుగుతా" అన్నాడు.

లాలాబీ ఉచ్చీరమ్మ చెవిలో, "గెలిస్తివి గదక్కా" అంది.

ఎవరైనా అక్కడితో ఊరుకునేవాళ్ళు. ఉచ్చీరమ్మ ఆ తడిసిన బొంతనూ, మిగిలిన మూడింటినీ ఒక్కొక్కటిగా నెత్తిన పెట్టుకుని పాత బావికి చేర్చింది. ఆ ఉప్పునీళ్ళు, ఆ బురదనీళ్ళు చేద మీద చేద తోడి, నడుములు పడిపోయేలా రెండు దినాలు ఉతికింది. నాగమ్మకు మతి పోయింది.

"ఎందుకుమా ఉతుకుతాండావు? ఇవి అయిపోతే ఇంగ ఏటికి పోయేది లేదు గదా!"

"బొంతలకోసరమని పోతే ఈ ఏడు కుళాయి అడ్డమొచ్చె. వచ్చే ఏడు ఇంగోటి వస్తాది," అంది తల్లి. "పట్టుకో, ఆ కొస పట్టుకో."

బొంతలు నాలుగూ ఆరి, మడతపడి, దూలం మీదికెక్కాయి. ఆ పొద్దు మాదన్న రొట్టె తింటుంటే ఉచ్చీరమ్మ ఎదురుగా కూర్చుంది. అలా ఎదురుగా కూర్చోవడమే ఆ ఇంట్లో కొత్త.

"బొంతలన్నీ ఉతికినా. ఆడ నాకే పనీ లేదు. అయినా ఏటికి పోవాలని ఉంది. తోడుకొని పోతావా, పోవా?"

"పని లేకుంటే ఎందుకే?"

"ఈదేదానికి."

మాదన్న చేతిలో రొట్టె కింద పెట్టాడు. "పేటలో ఎవురన్నా అడిగితే ఏమని సెప్పల్ల?"

"నేను సెప్పిందే సెప్పు."

ఆయన రొట్టె సగంలో వదిలి బయటికి పోయాడు. ఉచ్చీరమ్మ ఆ సగం రొట్టె బర్రెకు వేసింది, గిన్నెలు తోమింది, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆమె అడిగినందుకు భయపడలేదు. ఇన్నేళ్ళు అడగనందుకే తన మీద తనకు కోపంగా ఉంది. భయమంతా నాగమ్మదే. కాదంటే అమ్మ ఇంక నవ్వదని ఆ పిల్లకు తోచింది.

మూడో రోజు మాదన్న చెప్పులు తొడుక్కుని, "రా పాపా" అన్నాడు. ఎక్కడికని నాగమ్మ అడగలేదు. పోయింది సుంకప్ప ఇంటికి. అరుగు మీద సుంకప్పతో పాటు వీధిలోవాళ్ళు నరసప్ప, సుబ్బన్న ఉన్నారు. మాదన్న పైన పెత్తనం చేసే జిన్ను మేస్త్రీ ఇమాం సాబ్ కూడా ఉన్నాడు. మేస్త్రీని చూడగానే మాదన్న అడుగు వెనక్కి పడింది.

"బండి కావల్ల సుంకప్పా. ఏటికి."

"బొంతలకేనా?"

"కాదు. ఉతికినాము."

"మీ ఇంట్లో వారం దినాలాయె బొంతల రగడ, వీధంతా తెలుసులే," అన్నాడు నరసప్ప. "మరి ఎందుకప్పా? మొక్కా?"

మొక్కు అంటే అయిపోయేది. ఆ మాట మాదన్న నోటి దాకా వచ్చింది కూడా. నాగమ్మ ఆయన మొహమే చూస్తోంది. ఆయన ఒకసారి పిల్ల వైపు చూశాడు.

"మొక్కూ లేదు, పనీ లేదు. మా ఆడమనిషికి ఈదాలని ఉందంట. బాగా ఈదుతాది. అందుకే పోతాండాము."

సుబ్బన్న పగలబడి నవ్వాడు. నరసప్ప తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇమాం సాబ్ మాత్రం గడ్డం నిమురుకుంటూ, "ఈదనీ, దాంట్లో తప్పేముంది?" అన్నాడు. సుంకప్ప ఇంకా నవ్వుతూనే, ఎల్లుండి తోలుకుపొమ్మన్నాడు.

నాగమ్మ నాయనకోసం ఆగలేదు. వీధంతా పరుగెత్తి, జొన్నలు చెరుగుతున్న తల్లి ముందు నిలబడి, ఆయాసం తీరకుండానే అంతా చెప్పింది. ఉచ్చీరమ్మ చేట కింద పెట్టింది.

"ఎవురెవురు ఉండిరి?"

నాగమ్మ ఒక్కొక్క పేరే చెప్పింది.

"మేస్త్రీ కూడా ఉండెనా?"

"ఉండె."

"ఆయప్ప ముందరే అన్నాడా? నాకు ఈదాలని ఉందని?"

"అన్నాడు. బాగా ఈదుతాదని కూడా అన్నాడు."

ఉచ్చీరమ్మ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, పిల్లను దగ్గరికి లాక్కుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మళ్ళీ సెప్పు," అంది.