బూట్లు విప్పిన చోటు

వానాకాలంలో ష్వేడగాన్ పగోడా పాలరాతి గచ్చు మీద చెప్పుల్లేకుండా నడవటం యాంగాన్‌లో పుట్టి పెరిగిన మాకు కొత్తేమీ కాదు. అయినా మొన్న ఉదయం, తామ్వేలో మా పక్కవాటాలో ఉండే దాలమ్మ పిన్నిని చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే, తడి రాతి చలి అరికాళ్ళ నుంచి పిక్కల దాకా పాకింది. ఉన్నచోటే ఆగిపోయాను. ఇంతకంటే ఎంతో పదునైన చలిని ఒకసారి తొక్కాను నేను. భూమికి అవతలి వైపున, పెరూ కొండల్లో, 'ఇంకా' రాజుల కాలం నాటి ఒక పాత గోడ ముందు. అప్పుడు నా పక్కన సింహాచలం గారు ఉన్నారు. ఇప్పుడు ఆయన లేరు. ఆయనకు నేను చెప్పిన ఒక మాట ఆయన నమ్మకుండానే వెళ్ళిపోయారన్న బాధ మాత్రం అరికాలి చలిలా నన్ను వదలడం లేదు.

పబేడాన్‌లో ఒక పరోటా కొట్టు పైన ఉండేది ఆయన ఆఫీసు. మన తెలుగువాళ్ళనీ, ఒడియావాళ్ళనీ బస్సుల్లో బగాన్‌కీ, చైక్‌టియో కొండకీ యాత్రలకు తీసుకెళ్ళేవారు. దేశం తలుపులు తెరిచిన ఆ కొన్నేళ్ళలో విదేశీ టూరిస్టులు కూడా వచ్చేవారు. గంజాం నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. తిట్టేటప్పుడు ఒడియా, పని చేయించుకునేటప్పుడు బర్మీస్, బతిమాలేటప్పుడు తెలుగు వచ్చేవి ఆయన నోట. ఆఫీసులో అందరం 'సయా' అనేవాళ్ళం. అంటే మాస్టారని. నాకు ఆ మాట ఊరికే వరసకు అనేది కాదు. ముక్కు మీద కోపంతో, ఎవరి మాటా వినకుండా తిరిగే నన్ను ఉద్యోగంలో పెట్టుకుని మనిషిని చేసింది ఆయనే.

ఆయన బల్ల వెనక గోడకు పాత క్యాలెండరు నుంచి కత్తిరించిన బొమ్మ ఒకటి ఉండేది. మబ్బుల మధ్య కొండకొమ్మున ఒక రాతి ఊరు. "ఏటుంది సయా అందులో, రోజూ అలా సూస్తారు?" అని అడిగాను ఒకసారి. "సున్నం నేదు, సిమెంటు నేదు. రాయికీ రాయికీ మద్దిన కత్తి కూడా దూరదట. ఎన్ని బూకంపాలొచ్చినా కదల్లేదట. ఒక్కపాలి సేత్తో ముట్టుకోవాల లచ్చమ్మా" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన చెయ్యి గాల్లోనే ఏదో తడిమింది.

నా మొదటి బగాన్ యాత్రలోనే ఆయన చేత చీవాట్లు తిన్నాను. ఎండలో ఇటుకలు పెనంలా కాలుతున్నాయి. ఊరి చివర ఒక గుడి, గుడంటే సగం గోడ, దాని నీడలో ఒక మేక. విగ్రహం లేదు, కప్పు లేదు, దండం పెట్టేవాళ్ళు అసలే లేరు. నేను చెప్పులతో లోపలికి నడిచాను. సయా బయటే నిలబడి, "దిగు" అన్నారు. "ఇక్కడ దేవుడే లేడు కదా సయా" అన్నాను విసుగ్గా. "ఎల్లిపోనాడో, ఉన్నాడో నీకేటి తెలుసు? ఉన్నాడనుకునే ఎల్లాల. మేకంటే సెప్పులు నేనిదే. నీకేటొచ్చింది?" అన్నారు. కోపంగానే విప్పాను. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఆ సాయంత్రం ఆయనే కొబ్బరినూనె తెచ్చిచ్చారు.

చైక్‌టియో కొండ మీది పసిడి బండను ఆడవాళ్ళు ముట్టుకోకూడదు. బంగారు రేకు అంటించాలంటే మగవాళ్ళే వెళ్ళాలి. మా బస్సులో వచ్చిన ముసలమ్మల రేకులన్నీ సయా చేతికే వచ్చేవి. ఒకసారి కొండ మీద గాలి విపరీతంగా వీస్తోంది. ఒకావిడ రేకు ఆయన వేళ్ళ మధ్య నుంచి లేచి లోయలోకి పోవడం కంచె ఇవతల నుంచి నా కళ్ళారా చూశాను. ఆయన మాత్రం తిరిగొచ్చి, "అమ్మా, నీ రేకు అంటుకున్నాది. మంచి సోటే దొరికినాది" అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. దారిలో నిలదీశాను. "అంత దూరం ఎక్కొచ్చినాది లచ్చమ్మా. వొట్టి సేతుల్తో ఎలా పంపుతాం? మన పనిలో ఇది కూడా ఒక పనే. నేర్చుకో" అన్నారు. నేర్చుకున్నాను. ఆ తర్వాత ఎందరికో అలాంటి తీపి మాటలు చెప్పాను. ఎవరూ అనుమానించలేదు.

మాకు టూరిస్టులను పంపే ఒక విదేశీ కంపెనీవాళ్ళు, ఒక ఏడాది, ఆ బొమ్మలోని రాతి ఊరికి పెరూలో వాళ్ళు నడిపే కొండయాత్రకు మా ఇద్దరినీ రమ్మన్నారు. సయా చిన్నపిల్లాడైపోయారు. లత పేటలో లిఫ్టు లేని మేడ మీద, అన్నిటికంటే పై అంతస్తులో వాళ్ళ ఇల్లు. కొండలెక్కే సాధన అంటూ బియ్యం సంచి వీపున వేసుకుని ఆ మెట్లే ఎక్కి దిగేవారు. వీధిలోకి వేలాడే తాడుకు సరుకులు కట్టి పైకి లాక్కోవడం మా ఊళ్ళో అందరికీ అలవాటే. ఆయన భార్య పార్వతమ్మ గారు బాల్కనీలోంచి తాడు ఊపుతూ అరిచేవారు: "ఆ సంచి దీనికి కట్టీ, లాగీసుకుంటాను! నీకేటి పట్టింది?" ఆయన రొప్పుతూ, "పెరూలో తాడెవులు దించుతారే?" అనేవారు. వీధంతా నవ్వేది.

పెరూ కొండల్లో గాలి చాలేది కాదు. నాలుగడుగులు వేస్తే గుండె నోట్లోకొచ్చేది. అయినా సయా ముఖంలో అలసట చూడలేదు నేను. ఆ రాతి ఊరు ఇంకా కనుమ అవతలే ఉంది. దారిలో ముందుగా ఒక చిన్న శిథిలం వచ్చింది. సన్నటి వాన, మధ్యలో వడగళ్ళు. సయా వంగి బూట్ల తాళ్ళు విప్పుతున్నారు. "ఇక్కడ అందరూ బూట్లతోనే వెళ్తారు" అన్నాడు గైడు, ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకున్న ఆ కొండప్రాంతపు మనిషి. "వొద్దు సయా, మీకు చక్కెర జబ్బు, కాలికి దెబ్బ తగిలినా తెలీదు" అని బతిమాలాను. "ఎవులున్నారో నీకు తెలుసా?" అన్నారు. ఇంక నేను కూడా విప్పాను.

ఆయన లోపలికి వెళ్ళి, గోడకు అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. మా వైపు వీపు. అప్పుడు చూశాను. గైడు అటూ ఇటూ చూసి, ఒక రాయి మీద కూర్చుని, తన బూట్లు కూడా లాగేశాడు. ఉత్త కాళ్ళు తడి రాయి మీద పెట్టాడు. "మా అమ్మమ్మ ఇలాగే వచ్చేది" అన్నాడు ఇంగ్లీషులో, నాకు మాత్రమే వినపడేలా. అతని కళ్ళలో నీళ్ళు. సయా ఇటు తిరిగేసరికి మళ్ళీ బూట్లు తొడుక్కుని, ఏమీ జరగనట్టు మా బృందంలో వెనకపడ్డవాళ్ళను కేకేస్తున్నాడు. ఆ క్షణంలో నాకు చూడవలసింది చూసేసినట్టనిపించింది. కనుమ అవతల ఏముందో చూడాలన్న ఆత్రం అక్కడే తీరిపోయింది.

సయా అరికాలు తెగిందని ఆ సాయంత్రం మేజోడు రక్తంతో తడిశాక గానీ తెలియలేదు. తెల్లారేసరికి కాలు బూటులో పట్టలేదు. దింపేయాల్సిందే అన్నాడు గైడు. "నువ్వెల్లు లచ్చమ్మా. సూసొచ్చి నాకు సెప్పు" అన్నారు సయా. "మీరు నేకుండా నానెల్లి ఏటి సూస్తాను సయా?" అన్నాను. కంచరగాడిద మీద కూర్చోబెట్టి కిందికి దించారు. మబ్బు కమ్మేదాకా ఆయన వెనక్కి తిరిగి కనుమ వైపే చూస్తూ వచ్చారు.

కాలు మానింది గానీ ఆయన మనసు మానలేదు. తనకు ఆ ఊరు దక్కలేదని కాదు, నాకు దక్కకుండా చేశానని. "నీకొచ్చిన బాగ్గిం నాను సెడగొట్టీసినాను" అనేవారు, కనపడినప్పుడల్లా. ఆ తర్వాత టూరిస్టులు రావడం మానేశారు, ఆఫీసు మూతపడింది, గోడమీది బొమ్మ లతలోని ఇంటికి చేరింది. నేను వెళ్ళినప్పుడల్లా గైడు సంగతి చెప్పేదాన్ని. బూట్లు విప్పాడనీ, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడనీ, నాకు అదే చాలనీ. మొదటిసారి చెప్పినప్పుడు ఆయన నవ్వి, నా తల నిమిరారు. "బాగా సెప్పినావు. గాలికెగిరిన రేకు అంటుకున్నాదని సెప్పడం నీకు నేర్పింది నానే కదే" అన్నారు.

ఒట్టు పెట్టుకున్నాను. ఏడ్చాను. పోట్లాడాను కూడా. ఎంత గట్టిగా చెబితే అంత జాలిగా చూసేవారు నన్ను. ఆయన పోయాక పార్వతమ్మ గారు, "సివరి దాకా అదే మాట అమ్మా, లచ్చమ్మ గుంటకి సూపించనేకపోనానని" అన్నప్పుడు నాకు ఆయన మీద కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

పగోడాలో, పుట్టిన వారాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో దిక్కు ఉంటుంది; మొన్న దాలమ్మ పిన్ని తన దిక్కున దీపం పెట్టింది. ఆవిడకు చూపు సరిగా ఆనదు. వానగాలి ఒక్క విసురు విసిరింది. "నా దీపం ఎలుగుతున్నాదా లచ్చమ్మా?" అని అడిగింది, చేతులు జోడించి. వెలుగుతోంది పిన్నీ అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. మింగేశాను.

"ఆరిపోయింది పిన్నీ" అన్నాను.

"అలాగా. అయితే ఏటి, మల్లీ ఎలిగిద్దాం. నువ్వు సెయ్యి అడ్డెట్టు" అంది ఆవిడ, అగ్గిపెట్టె తడుముకుంటూ.

చెయ్యి అడ్డుపెట్టాను. దీపం నిలబడింది. తడి రాయి మీద ఉత్త కాళ్ళతో నిలబడి, ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో తెలియని ఆయనకు, ఉన్నారనుకునే మళ్ళీ చెప్పాను. ఆ గైడు బూట్లు విప్పాడు సయా. నిజంగానే విప్పాడు.