లొల్లి లేని షెడ్డు

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఒకసారి కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాను. సంస్థలు పేద ఆడవాళ్ల కోసం ఏవో పనులు మొదలుపెడతాయి, వాటివల్ల నిజంగా మేలు జరిగిందో లేదో చూసి రిపోర్టు రాయడం నా పని, దాన్నే మూల్యాంకనం అంటారు, అన్నాను. ఆ మాట ఆవిడ పదో తరగతి పరీక్షల వార్తల్లో విన్నది. అప్పటినుంచి ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా పేపర్లు దిద్దుతూనే ఉన్నావా?" అని అడుగుతుంది. నేనూ కాదనడం మానేశాను. ఆలోచిస్తే పెద్ద తేడా కూడా లేదు, నా చేతిలో ఎర్ర పెన్ను ఉండదు, అంతే.

మాది గోదావరి వైపు. మావారి ఉద్యోగం వల్ల మేడ్చల్ వచ్చి పదేళ్లు దాటింది. గేటూ, గేటు దగ్గర రిజిస్టరూ ఉన్న కాలనీలో ఉంటాం. పని మీద ఎప్పుడూ ఎక్కడెక్కడో మూలనున్న జిల్లాలకు తిరిగేదాన్ని. ఈసారి వచ్చిన పని మేడ్చల్లోనూ శామీర్‌పేటలోనూ అని తెలిసి వెంటనే ఒప్పుకున్నాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తినొచ్చన్నది నా మొదటి ఆలోచన. గొప్ప ఆశయాలేమీ లేవు.

పని ఇది. బర్మా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన కుటుంబాలు కొన్ని ఇటువైపు పాత సామాన్ల గోదాముల వెనక గుడిసెల్లో ఉంటున్నాయి. ఆ ఆడవాళ్లనూ, స్థానికంగా కూలికి పోయే ఆడవాళ్లనూ ఒకే షెడ్డులో కూర్చోబెట్టి పని చూపిస్తోంది ఒక సంస్థ. నాలుగు డబ్బులు వస్తాయి, ఒకరికొకరు అలవాటు పడతారు, రేపు ఊళ్లో ఏ పుకారు పుట్టినా ఒకరి మీదికి ఒకరు పోరు. కాగితాల మీద దీని పేరు జీవనోపాధి, శాంతి నిర్మాణం. మేడ్చల్ షెడ్డులో గుడ్డ సంచులు కుట్టేవారు. శామీర్‌పేట చెరువుకు దగ్గరలో ఉన్న షెడ్డులో ఎండు చేపలు తయారుచేసేవారు. ఇకమీదట ఒక్క షెడ్డుకే డబ్బు ఇస్తామని, ఏది ఉంచాలో మీ రిపోర్టు చూసి నిర్ణయిస్తామని నాకు ముందే చెప్పారు. కాబట్టి తెలియక చేశానని అనడానికి లేదు.

ప్రశ్నాపత్రం ఎక్కడో ఢిల్లీలో తయారై తెలుగులోకి వచ్చింది. అందులో ఒక ప్రశ్న: "గత నెలలో మీ సమూహంలో ఎన్నిసార్లు సంఘర్షణ తలెత్తింది?" మేడ్చల్ షెడ్డులో మొదటి మనిషి ఆ ప్రశ్న మర్యాదగా రెండుసార్లు విని, "గదేంది మేడం?" అంది. తప్పు ఆమెది కాదు. పుస్తకాల్లో తప్ప ఆ మాట నేను కూడా ఎక్కడా వాడలేదు. అక్కడికక్కడే దాన్ని కొట్టేసి, పైన "లొల్లి" అని రాశాను. పదేళ్లుగా ఇక్కడుంటున్నదాన్ని, నాకు ఇక్కడి మాట వచ్చని లోపల కాస్త గర్వం కూడా పడ్డాను. "మీ మధ్య లొల్లి ఏమైనా అయిందా?"

"ఏం లొల్లి లేదు మేడం. మా పని మాది, వాళ్ల పని వాళ్లది," అందామె.

తరువాతి మనిషీ అదే అంది. ఆ తరువాతి మనిషీ అదే. షెడ్డు చూడముచ్చటగా ఉంది. కిటికీల వైపు వరసలో మన ఆడవాళ్లు, గోడ వైపు వరసలో బర్మా ఆడవాళ్లు. మిషన్ల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. టీ వచ్చినప్పుడు ఎవరి గ్లాసులు వాళ్లు సంచుల్లోంచి తీశారు. క్రమశిక్షణ బాగుందని రాసుకున్నాను. నా దస్తూరిలోనే ఉంది ఆ వాక్యం, ఇప్పుడు చూసినా కనిపిస్తుంది. పన్నెండున్నరకల్లా పని ముగించుకుని ఇంటికెళ్లి వంకాయ కూరతో భోంచేశాను.

మర్నాడు శామీర్‌పేట. షెడ్డు ఇంకా కనిపించకముందే అరుపులు వినిపించాయి. లోపల ఒక ముసలావిడ, చేపల కుటుంబమే, చెరువులో వల వేసే ఇంట్లో పుట్టి అలాంటి ఇంటికే కోడలిగా వచ్చిన మనిషి, ఉప్పు గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అందరూ ఆమెను అవ్వ అంటారు. ఎదురుగా ముప్పై ఏళ్ల బర్మా ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని ఉంది. ఆమె చేపను వీపు వైపు నుంచి చీలుస్తుంది. అవ్వ లెక్కలో చేపను కడుపు వైపు నుంచే చీల్చాలి. ఆ తగవు తీరకముందే ఉప్పు తగవు మొదలైంది.

"సూడు మేడం, నువ్వే సెప్పు," అంది అవ్వ నన్ను చూడగానే, నేనెవరో కూడా అడక్కుండా. "గీ ఎండలకు గింత ఉప్పు సాల్తదా? పురుగులు వడ్తయి. సెప్తె ఇనది గీ బర్మాపిల్ల."

"అవ్వకు కండ్లు కానొస్తలేవు మేడం," అంది ఆ బర్మా పిల్ల, చేప మీంచి చూపు ఎత్తకుండా. "ఉప్పు ఏస్తనే ఉంటది, ఏస్తనే ఉంటది. ఇగ శాప తింటరా, ఉప్పు తింటరా?"

నేను గోదావరి మనిషిని, ఎండు చేపల గురించి నాకూ గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. కానీ మూల్యాంకనానికి వచ్చినవాళ్లకు అభిప్రాయాలుండకూడదు. ఫారం తీశాను.

"మీ మధ్య లొల్లి ఏమైనా అవుతుందా?"

"లొల్లా?" అంది అవ్వ. "రోజు అయితది. పొద్దుగాల అయితది, పగటీలి అయితది. నువ్వు ఏ లొల్లి అడుగుతున్నవ్?"

అది జవాబు కాదు, నన్ను అడిగిన ప్రశ్న. నేను దాన్ని జవాబుగానే తీసుకుని "ప్రతిరోజూ" అన్న గడిలో టిక్కు పెట్టాను. పక్కనున్న వాళ్లందరూ నవ్వుతూ అదే చెప్పారు. అందరి కాగితాల్లోనూ ఒకే గడిలో టిక్కులు పడ్డాయి.

బర్మా ఆవిడతో మాట్లాడేందుకు నా వచ్చీరాని హిందీ సిద్ధం చేసుకున్నాను. ఆమె తెలుగులోనే చెప్పింది, నా తెలుగు కంటే ఇక్కడికి నప్పే తెలుగులో. ఎక్కడ నేర్చుకున్నావంటే "అవ్వ తిడ్తె నేర్సిన," అంది. నవ్వాను. రాసుకోవడానికి ఫారంలో చోటు లేదు, రాసుకోలేదు.

ఆమెకు భర్త లేడు. ఒక కూతురు, అక్కడి సర్కారు బడిలో మూడో తరగతి. షెడ్డు తీసేస్తారా అని ఆమే అడిగింది. ఇంకా ఏమీ అనుకోలేదన్నాను.

"షెడ్డు ఉంటె గీడ్నే ఉంటం," అంది. "లేకుంటె సిటీ ఆ దిక్కు పోవాలె, మా అన్న తానికి. ఆడ తుక్కు ఏరుడే పని. ఇద్దరం ఏరితెనే ఎల్తది. ఇగ పిల్లకు బడెక్కడిది?"

ఇది కూడా ఫారంలో లేదు. కానీ ఇది విన్నాను, బాగా గుర్తుంది.

ఇంటికొచ్చి రెండు రోజులు కూర్చుని రిపోర్టు రాశాను. ఆ చేపల షెడ్డు నాకు నచ్చింది, అబద్ధమెందుకు. అక్కడున్న రెండు గంటల్లో రెండుసార్లు నవ్వాను, మేడ్చల్లో ఒక్కసారీ నవ్వలేదు. కానీ నాకు నచ్చడం వేరు, లెక్క వేరు అని ఎన్నో ఏళ్లుగా నేర్చుకున్న మనిషిని. ఇష్టాలను పక్కనబెట్టడమే నా పనితనం అనుకునేదాన్ని. ఆ బర్మా ఆవిడ చెప్పింది గుర్తొచ్చినప్పుడల్లా, జాలిపడి మార్కులు వేయకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. శాంతి అన్న చోట మేడ్చల్‌కు పూర్తి మార్కులు పడ్డాయి. శామీర్‌పేటకు అన్నిటికంటే తక్కువ. "సమూహాల మధ్య ఘర్షణ నిత్యకృత్యంగా ఉన్నది" అని రాసి పంపేశాను. లొల్లి ఆ వాక్యంలోకి వచ్చేసరికి మళ్లీ ఘర్షణ అయిపోయింది.

కొన్ని వారాలకు సంస్థవాళ్లు ఫోటోలు కావాలన్నారు. ఒక స్థానిక మహిళ, ఒక శరణార్థి మహిళ ఒకే మిషన్ దగ్గర నిలబడి ఉండాలట. మేడ్చల్ వెళ్లాను. కిటికీ పక్కన కూర్చునే ఆవిడను లేపి, మీ ఎదురుగా కూర్చునే ఆమెతో ఒక ఫోటో తీస్తానన్నాను. ఎదుటి మిషన్ ఖాళీగా ఉంది.

"ఆమె ఈరోజు రాలేదా?"

"ఎవరు మేడం?"

"ఇక్కడ కూర్చునే ఆమె."

ఆ మిషన్‌ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "ఏమో మేడం. బర్మోళ్లను అడుగుండ్రి."

పేరేమిటన్నాను. తెలియదంది. ఆమె ఒక్కతే కాదు, ఆ వరసలో ఎవరికీ అవతలి వరసలో ఒక్కరి పేరు కూడా తెలియదు. షెడ్డు మొదలై రెండేళ్లయింది. గోడ వైపు వెళ్లి, తెలుగు ఏమైనా వచ్చిందా అని హిందీలో అడిగాను. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి ఒకామె సిగ్గుపడుతూ ఒక్క మాట చెప్పింది. "మేడం."

ఫోటో తియ్యలేదు. వచ్చి కారులో కూర్చున్నాను. రోజుకు మూడుసార్లు ఉప్పు గురించి తనతో అరుచుకునే ఆ బర్మా పిల్లకు ఏ పన్ను నొప్పో అవ్వకు తెలుసు. ఆ పిల్ల నాన్నకు పడవ ఉండేదని తెలుసు. కూతురికి ఎక్కాలు రావని తెలుసు. ఇవన్నీ నాకు అవ్వే చెప్పింది, తగవు మధ్యలో, ఆ పిల్ల మీద నేరాల్లా. అన్నీ విని వదిలేశాను. ఏ లొల్లి అని ఆమె నన్ను సరిగ్గానే అడిగింది. నాకు ఒక్కటే లొల్లి తెలుసు, తలలు పగిలేది.

అక్కడినుంచే సంస్థ ఆఫీసుకు ఫోన్ చేశాను. రిపోర్టు తప్పు, శామీర్‌పేట షెడ్డు ఉంచాలి, అన్నాను. అవతలి మనిషి మర్యాదస్తుడే.

"మేడం, ఘర్షణ నిత్యకృత్యం అని మీరే కదా రాశారు?"

"అది ఘర్షణ కాదండీ, లొల్లి."

"రెండూ ఒకటే కదా మేడం?"

ఎంత చెప్పినా నా గొంతు నాకే పిచ్చిదాని గొంతులా వినిపించింది. రాతపూర్వకంగా పంపమన్నాడు. పంపాను, నాలుగు పేజీలు. నా జీవితంలో నేను రాసిన వాటిలో అవే నిజమైన పేజీలని ఇప్పటికీ అనుకుంటాను. వాటిని రిపోర్టు చివర అనుబంధంగా కలిపారు. నిర్ణయం అప్పటికే అయిపోయింది. శామీర్‌పేట షెడ్డు మూశారు.

వెంటనే వెళ్లలేదు. వెళ్లలేకపోయాను. వానలు మొదలయ్యాక ఒకరోజు కీసరలో వేరే పని చూసుకుని వస్తూ, శామీర్‌పేటలో రోడ్డు పక్కన అవ్వ చేపలు అమ్ముతుంటే చూసి కారు ఆపాను. నెత్తి మీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని ఒక్కతే కూర్చుని ఉంది.

"ఆమె ఎక్కడుంది?" అన్నాను. ఎవరని ఆమె అడగలేదు.

"పోయింది మేడం. సిటీ ఆ దిక్కు, వాళ్ల అన్న తానికి."

"పాప?"

"పిల్లను కూడ తోల్కపోయింది. తల్లితోని తుక్కు ఏరవట్టిందట."

వాన సన్నగా పడుతోంది. చెప్పకుండా కారెక్కేయొచ్చు, ఆమెకు ఎప్పటికీ తెలియదు. చెప్పేశాను. షెడ్డు మూసింది నా రిపోర్టు వల్లేనని, మీరు రోజూ లొల్లి పెట్టుకుంటారని నేనే రాశానని, నాకు అర్థం కాలేదని, తప్పయిందని.

అవ్వ చేప పొలుసు గీకుతూనే ఉంది. తిడుతుందని ఎదురుచూశాను. ఆ నోరు నాకు తెలుసు. ఉప్పు గింజ ఎక్కువ తక్కువలకే మనిషిని నిలువునా కడిగేసే నోరు. తిట్టాలనే కోరుకున్నాను, నిజం చెప్పాలంటే దానికోసమే కారు ఆపాను.

ఆమె చేపను కడిగి, కవర్లో వేసి, మూతి ముడేసి, రెండు చేతులతో నాకు అందించింది. షెడ్డులో నన్ను చూసిన క్షణం నుంచి నువ్వు అన్న మనిషి.

"మీరేం జేస్తరు మేడం. మీ పని మీది," అంది. "వాన వడ్తాంది. మీరు జల్ది పోండ్రి."