తువ్వాలు దించితే ఆగాలి

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పలాసలో జీడిపప్పు గోదాం మీద రెండు గదుల్లో నా పళ్ళ ఆసుపత్రి ఉండేది. కింద జీడిగింజలు కాల్చే వాసన, పైన లవంగనూనె వాసన. ఏడాది తిరక్కుండానే ఊళ్ళో నాకు మంచి పేరొచ్చింది, కాకపోతే పిల్లల్ని బెదిరించడానికి. "అన్నం తిననేదనుకో, పళ్ళ డాక్టరమ్మ కాడికి అట్టుకెల్లిపోతాను. సూదేసేత్తాది!" అని తల్లులు ఇళ్ళల్లో అనేవారు. పన్ను పుచ్చగానే ఆ తల్లులే పిల్లల్ని తీసుకొచ్చి, "బయమెందుకే, డాక్టరమ్మ మంచిదే" అంటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు పొద్దున్నే ఉద్దానం తీరంలోని ఒక జాలరిపల్లె నుంచి ఆటో నిండా జనం దిగారు. పన్ను నొప్పి ఆరేడేళ్ళ పిల్ల ఒక్కదానికే. మిగతావాళ్ళంతా దాన్ని పట్టుకోవడానికి వచ్చారట.

"కాల్లు నానట్టుకుంతాను, సేతులు ఆల మావట్టుకుంతాడు. మీరు లాగీయండి డాక్టరమ్మా" అని అమ్మమ్మ చీర చెంగు నడుముకి బిగించింది. మేనమామ చొక్కా చేతులు పైకి మడిచాడు. వాళ్ళ హడావిడి చూస్తే పిల్లని కాదు, ఏనుగును పట్టడానికి వచ్చినట్టుంది.

ఆ పిల్ల దవడ మీద పాలపన్ను అడుగంటా పుచ్చిపోయింది. వారం కిందట తండ్రితో వచ్చినప్పుడే వాపు తగ్గడానికి మందులిచ్చి పంపాను. ఇక పన్ను తీయక తప్పదు. అందరూ కలిసి అదిమిపట్టుకుంటే తీసేయడం క్షణం పని. కానీ అలా తీస్తే ఆ పిల్ల మళ్ళీ జన్మలో ఏ డాక్టరు ముందూ నోరు తెరవదు. తర్వాత వచ్చే పళ్ళు జీవితాంతం ఉండాల్సినవి. నా బెంగంతా వాటి గురించే.

"ఎవరూ పట్టుకోవద్దు" అని అందరినీ గుమ్మం అవతలికి తరిమాను. తండ్రిని మాత్రం కుర్చీ పక్కన ఉండనిచ్చాను. పిల్ల పెదాలు బిగించేసింది. నొప్పెడితే చెయ్యి ఎత్తమని పిల్లలకు చెప్పమంటారు మా చదువులో. మా దగ్గరి పిల్లలు చెయ్యి ఎత్తడమూ, ఆ చేత్తోనే నా మణికట్టు పట్టేసుకోవడమూ ఒకేసారి చేసేవారు.

ఏమీ తోచక, "మీ నాన్న సముద్రం మీద ఏం చేస్తాడు?" అని అడిగాను. 

"నాను ఒడ్డునే ఉంతానండి" అన్నాడు తండ్రి. "పెద్దవల లాగినప్పుడు అటోలు ఇటోలు తాడట్టుకుంతారు. నాను మద్దెన నిలబడి తువ్వాలెత్తితే లాగాల, దించితే ఆగాల."

నాకు ప్రాణం లేచొచ్చింది. అతని భుజం మీది తువ్వాలు తీసి పిల్ల చేతిలో పెట్టాను. "ఇవాళ నువ్వే మీ నాన్నవి. నువ్వు ఎత్తితేనే లాగుతాను. దించితే ఆగుతాను."

పిల్ల నన్ను నమ్మితే కదా! నోట్లో అద్దం పెట్టగానే తువ్వాలు దించింది. ఆగాను. సూది చూసి దించింది. ఆగాను. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించింది. గుమ్మం దగ్గర అమ్మమ్మ, "ఇలగయితే సీకటడిపోద్ది" అని సణిగింది. చివరికి కళ్ళ నిండా నీళ్ళతో తువ్వాలు ఎత్తిపట్టుకుని సూది వేయించుకుంది.

దవడ మొద్దుబారాక పటకారు పెట్టాను. పన్ను కదిలింది. ఇంకొక్క మెలిక తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. సరిగ్గా అప్పుడే తువ్వాలు కిందికి దిగింది.

"ఒచ్చీసినట్టే కదండీ, లాగీయండి!" అని మేనమామ కేకేశాడు.

నిజం చెప్పొద్దూ, నా చెయ్యీ ఆ మాటే అంది. మనసు రాయి చేసుకుని పటకారు బయటికి తీసేశాను. పిల్ల ఊగుతున్న పన్నును నాలుకతో తడుముకుంది. నా వైపు ఎగాదిగా చూసింది. తర్వాత తండ్రి వైపు చూసింది.

"నీ ఇట్టమమ్మా. తువ్వాలు ఎవులట్టుకుంతే ఆలదే మాట" అన్నాడు తండ్రి.

తువ్వాలు మెల్లగా లేచింది. ఎత్తు చాలదనుకుందేమో, ఇంకా పైకెత్తి ఒక్క ఊపు ఊపింది. గుమ్మం దగ్గరున్న జనమంతా వల లాగే అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో "హైలెస్సా!" అన్నారు. పన్ను వచ్చేసింది. ఏం జరిగిందోనని కింద గోదాంలో జీడిగింజలు కొట్టే ఆడవాళ్ళు మెట్ల దాకా పరుగెత్తుకొచ్చారు. నాకు నవ్వాగలేదు. నోట్లో దూదితోనే ఆ పిల్ల కూడా నవ్వింది.

కొన్ని నెలల తర్వాత ఆ పిల్ల పిన్ని తన కొడుకును తీసుకొచ్చింది. వాడు బయట బల్ల మీద కూచుని ఏడుస్తున్నాడు. తెర ఇవతల నాకు అన్నీ వినిపిస్తున్నాయి.

"ఊరుకో. ఏడిత్తే డాక్టరమ్మ సూదేసేత్తాది" అంది పిన్ని.

"ఊరుకున్నా ఏత్తాది పిన్నీ" అంది ఒక గొంతు, తోడుగా వచ్చిన ఆ పిల్లదే. "నొప్పెడతాదిరా. కానీ ఆపమంతే ఆపీత్తాది. ఇంద, తువ్వాలు తెచ్చాను."