రెండు గీతలు ఒక్కటయ్యే దాకా

పోయినసారి నా రాత కింద ఒకరు "తార్నాక మెట్రో దిగితే ఫిజిక్స్ ల్యాబు పక్కనే" అని రాశారు. పక్కనే కాదండీ. ఆ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఏదీ దేనికీ పక్కన ఉండదు, నా మోకాళ్లనడగండి. వెళ్లింది షికారుకు కాదు. మనవరాలు షారోన్ ఎమ్మెస్సీ ప్రాజెక్టు కొలతలు సాయంత్రం అయిదులోగా పూర్తికావాలి. ఆ తర్వాత పరికరం వేరే బ్యాచ్‌కు పోతుంది, ప్రాజెక్టు ఈ ఏడాదికి ఆగిపోతుంది. పొద్దున్నే ఫోన్‌లో ఏడ్చింది. ఏళ్లతరబడి ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఓదార్చడం నాకు చేతకాదు. బయల్దేరాను.

తొమ్మిదింటికి మెట్టుగూడలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే తార్నాక. అక్కడ ఆటో అతను ఎనభై అడిగి అరవైకి వచ్చాడు.

"గాడ ఏం పనున్నదమ్మా, సర్టిఫికెటా?"

"రెండు గీతలు సరిగ్గా కనిపించాలి నాయనా."

"కండ్ల డాక్టరు గీ తార్నాకల్నే ఉన్నడు గదా!"

సలహాకు మాత్రం డబ్బులు తీసుకోలేదు.

షారోన్ ప్రాజెక్టు ద్రవ స్ఫటికం, అంటే లిక్విడ్ క్రిస్టల్ మీద. అది పారే పదార్థమే, కానీ అందులోని పుల్లల్లాంటి అణువులు దాదాపు ఒకే దిక్కుకు వరసకడతాయి. అందుకే రెండు గాజు పలకల మధ్య దాన్ని పట్టకంలా నింపి చూస్తే వెలుగు రెండు గీతలుగా చీలుతుంది. వేడెక్కేకొద్దీ వరస సడలి గీతలు దగ్గరవుతాయి. ఆ ఎడం కొలిస్తే అణువులు ఎంత వరసలో ఉన్నాయో లెక్క తేలుతుంది. నేను ల్యాబుకు చేరేసరికి షారోన్‌కు మాత్రం మసక తప్ప ఏమీ కనిపించడం లేదు.

"మెటీరియల్ పాడైంది అమ్మమ్మా."

"పలకల్ని వెల్వెట్‌తో ఎటు రుద్దావు?"

"రెండూ రుద్దిన."

"ఎటు అన్నాను. ఎన్ని అనలేదు."

"ఒకటి నిలువు... ఇంకోటి అడ్డం అయ్యుంటది."

పలకను ఎటు రుద్దితే అణువులు అటే వరసకడతాయి. రెండు పలకలు రెండు దిక్కులు చూపిస్తే అణువులు మాత్రం ఎవరి మాట వింటాయి? పలకలు కడిగించాను. పూత వేసి, ఆరబెట్టి, రెండూ ఒకే దిక్కుకు రుద్దేసరికి మధ్యాహ్నం రెండయింది. పరికరానికున్న దూరదర్శినిలోంచి చూసి "వచ్చినయ్!" అని అరిచింది. డిగ్రీకో కొలత, ప్రతిసారీ పావుగంట ఆగడం. "ఇంకా ఎంతసేపు అమ్మమ్మా?" అంటే గోడ గడియారం చూపించాను. ముప్పై అయిదు డిగ్రీల దగ్గర గీతలు కలిసిపోయాయి. అంటే మన మే నెలలో కిటికీ దగ్గర పెట్టినా ఆ వరస చెదిరిపోతుంది. నాలుగూ నలభైకి పట్టిక నిండింది.

నేనే చేసుంటే పలకలు ఒంటిగంటకల్లా తయారయ్యేవి. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చోవడమే ఆ రోజు నాకు కష్టమైన పని. కానీ పట్టికలోని అక్షరాలన్నీ షారోన్‌వే, కొట్టేసిన రెండు అంకెలతో సహా. రేపు వైవాలో ఎవరడిగినా తనే చెప్పుకోగలదు.

మీ పిల్లలూ ఈ కొలతకు వెళ్తుంటే, ముందురోజే స్టేషనరీ షాపులో గాజు మీద రాసే సన్న మొన మార్కర్ ఒకటి కొనండి. రుద్దిన వెంటనే ప్రతి పలకకూ వెనకవైపు, అంచున, రుద్దిన దిక్కుకు బాణం గీయించండి. నల్లది వద్దు, చీకటి గదిలో కనపడదు. తెల్లది అడగండి.