ఖమ్‌పుయ్ అవ్వ అడిగిన తప్పు

నాన్ ఏటి ఒడ్డున బుట్టలల్లుకుని బతికే ఖమ్‌పుయ్ అవ్వ ఎవరినీ నమ్మదని ఊరందరికీ తెలుసు. చేపలామె తూకం వేస్తుంటే వంగి తక్కెడ అడుగు చూసేది. కుర్ర భిక్షువు దీవిస్తే, మాటలన్నీ చదివాడా మధ్యలో మింగేశాడా అని చెవి రిక్కించేది.

పుట్టుకతో వచ్చిన గుణం కాదది. మొగుడు మూన్ బతికుండగా ఒక సోంగ్‌క్రాన్ కొత్తేడాది పండక్కి ముందు వాళ్ల పందెంకోడి మాయమైంది. మర్నాడు పక్కింటి సింఖామ్ పొయ్యి మీంచి కోడికూర వాసన. ఇంకేం కావాలి? కంచె దగ్గర నిలబడి కడుపారా తిట్టింది. మూన్ వంత పాడాడు. సింఖామ్ నోరు మెదపలేదు. ఆ తర్వాత మూన్ పోయాడు, ఆ ఇంటి వైపు ముక్కు ఎగబీల్చి తిట్టడం మాత్రం ఆగలేదు.

ఈ ఏడు పండక్కి చిన్నవాళ్లంతా ఆమె అరుగు ముందు బారు తీరారు, పెద్దల చేతుల మీద శీకాయ నీళ్లు పోసి మన్నింపు అడగడానికి. ఆ బారులో నెరిసిన తలతో సింఖామ్! వీడెందుకొచ్చినట్టు? కంచె జరపాలనా? కొడుకు ఎన్నికల్లో నిలబడుతున్నాడా?

"తెలిసో తెలియకో తప్పు చేసుంటే మన్నించు వదినా," అన్నాడు మోకాళ్ల మీద కూర్చుని.

ఆమె చేతులు వెనక్కి లాక్కుంది. "ఏ తప్పు? పేరు పెట్టి చెప్పు."

బారులో ఎవరో కిసుక్కుమన్నారు.

"కోడిని నేను ఎత్తుకుపోలేదు. పందెంలో ఓడి మూన్ అన్నే నా చేతిలో పెట్టాడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"చచ్చినోడు లేచొచ్చి కాదనడని ధైర్యమా?"

"నువ్విలా అంటావనే ఇన్నాళ్లూ చెప్పలేదు. ఈ మధ్య గుండె పట్టేస్తోంది వదినా. దొంగ పేరుతో పోలేను."

"సాక్ష్యం?"

"గళ్ల తుండులో చుట్టిచ్చాడు. మూల నువ్వు నీలం దారంతో మాసిక వేశావు."

ఆ తుండు ఏట్లో కొట్టుకుపోయిందన్నాడు మూన్. పోయిన తుండు గురించి ఖమ్‌పుయ్ ఎవరితోనూ అనలేదు.

"మరి తుండు తిరిగివ్వలేదేం?" అంది, అడగడానికి ఇంకేమీ దొరక్క.

"మా ఆవిడ మసిగుడ్డ చేసేసింది."

అందరూ పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. చేతులు చాపింది. నీళ్లు పోయించుకుని, ఒక్క మాటా వదలకుండా దీవించింది. ఆనక మెల్లగా అడిగింది: "కూర బాగుందా?"

"ఎక్కడ? ముదురు మాంసం. పొద్దంతా ఉడికించినా పళ్లకి లొంగలేదు."

మర్నాడు గుళ్లో పోయినవాళ్ల పేరున నీళ్లు వదిలేటప్పుడు ఏటా ఏడ్చే మనిషి, ఈసారి కన్ను తడవకుండా కూర్చుంది. "ఇంకా ఏమేం దాచావు?" అని నేల వైపు చూసి గొణిగింది. పక్కనున్న ఆడవాళ్లు కాస్త ఎడంగా జరిగారు.

ఆ రోజు నుంచి సింఖామ్ ఇంటి వైపు ముక్కు ఎగబీల్చడం మానేసింది. తీరిక దొరికితే చాలు, మొగుడి పాత పెట్టె ముందేసుకుని చొక్కాల జేబులు వెతుకుతోంది.